ప్రతి అదురుకూ టైరేనా దోషి?

జీపు ఎత్తు పెంచాక అరవై దాటితే అదురుతోందని చెప్పి చూడండి. వెంటనే వచ్చే సలహా: వీల్ బ్యాలెన్సింగ్ చేయించు. చేయించినా తగ్గకపోతే రెండో మాట సిద్ధం: లిఫ్ట్ చేసిన బండి అంతే, అలవాటు పడాలి. పెన్నాగరం నుంచి హొగెనక్కల్ దిగే ఘాట్‌లో తిరిగే బండికి మొదటి సలహా డబ్బు దండగ, రెండోది ప్రాణాంతకం.

లెక్క చూద్దాం. 60 కిలోమీటర్ల వేగంలో 31 అంగుళాల టైరు సెకనుకు దాదాపు 7 చుట్లు తిరుగుతుంది. యాక్సిల్ రేషియో 4 అనుకుంటే గేర్‌బాక్సును యాక్సిల్‌కు కలిపే జాయింట్ షాఫ్టు 27 చుట్లు. వాలుగా తిరిగే షాఫ్టును దాని కొసల జాయింట్లలోని ఒక్కో క్రాసూ చుట్టుకు రెండుసార్లు తొందరపెట్టి, రెండుసార్లు వెనక్కి లాగుతుంది. అంటే సెకనుకు 54 కుదుపులు. ముందు టైరు తేడా స్టీరింగును ఊపుతుంది. షాఫ్టు తేడా కాళ్ల కింద, సీట్లో జుమ్మంటుంది. ఇంత స్పష్టంగా తెలుస్తుంటే రిమ్ముకు సీసం ముక్కలు కొడుతూ కూర్చోవడం ఏం వైద్యం?

ఎత్తు పెంచితే ఛాసిస్‌తో పాటు గేర్‌బాక్సు పైకి లేస్తుంది, యాక్సిల్ హౌసింగ్ కిందే ఉండిపోతుంది; షాఫ్టు వాలు పెరుగుతుంది. మామూలు షాఫ్టుకు రెండు కొసల జాయింట్ల కోణాలు సమానంగా ఉంటేనే ఒకదాని ఒడుదొడుకును మరొకటి సరిచేస్తుంది. పైది 9 డిగ్రీలు, కిందది 3 డిగ్రీలు అయ్యాక సరిచేసేదేముంది? గేర్‌బాక్సు వైపు డబుల్ జాయింటు ఉంటే మాత్రం యాక్సిల్ పినియన్ నేరుగా షాఫ్టు వైపు చూడాలి. షాఫ్టు విడదీసి, గుర్తులు చూడకుండా స్ప్లైను తప్పించి ఎక్కించినా ఇదే గతి.

పెద్ద టైర్లు బ్యాలెన్సు తప్పవా అంటారు. తప్పుతాయి. అందుకే ముందు పరీక్ష, తర్వాతే ఖర్చు. అదిరే వేగంలోనే గేరు మార్చండి, న్యూట్రల్‌లో వదలండి. అయినా అదురుతుంటే ఇంజిన్ది తప్పు కాదు. యాక్సిలరేటరు తొక్కితే ఒకలా, వదిలితే ఒకలా ఉంటే ముందు అనుమానించాల్సింది పినియన్ కోణాన్ని, జాయింట్లను. ఫోర్‌బైఫోర్‌లో ముందు చక్రాల షాఫ్టు విప్పి నడిపితే ఏ షాఫ్టుదో తేలుతుంది. బండి కిందికి దూరి క్రాసు కప్పుల చుట్టూ చూడండి: గ్రీజు బదులు ఎర్రటి తుప్పు పొడి రాలుతుంటే లోపలి సూది బేరింగులు ఎండిపోయినట్టే.

అలాంటి క్రాసు టూవీల్ డ్రైవ్‌లో ఘాట్ దిగుతుండగా విరిగి వెనక షాఫ్టు ఊడితే, ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. దీనికా అలవాటు పడమంటున్నారు? ఫోనులోని లెవెల్ యాప్‌తో కోణాలు కొలవడం ఎంతసేపు? లిఫ్ట్ కిట్టు బిగించిన షెడ్డు ఆ కొలతలు బిల్లు మీదే రాసివ్వాలి. రాసివ్వకపోతే పని పూర్తికానట్టే, కూలీ అడిగే హక్కూ లేనట్టే.