అడయార్ ప్రయోగశాల నేర్పే ఆర్థికశాస్త్రం

పరిశోధన, అభివృద్ధి మీద మన దేశం 2020-21లో పెట్టింది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. ముందు రోడ్లు, నీళ్లు, ఉద్యోగాలు చూసుకుని, మిగిలితే ప్రయోగశాలలకు ఇద్దామనే ధోరణి మన బడ్జెట్లలో ఏళ్లుగా పాతుకుపోయింది. ఆ ధోరణి ఎంత తప్పో తెలియాలంటే చెన్నై అడయార్‌లోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ చరిత్ర చూడాలి. 1948లో అది మొదలయ్యేనాటికి మన దేశం నుంచి ఎగుమతయ్యేవి ఎక్కువగా పచ్చితోళ్లు, తంగేడు చెక్కతో సగం పదును చేసిన తోళ్లు. వాటిని బూట్లుగా, సంచులుగా మలిచి అసలు లాభం తీసుకున్నది పరాయి దేశాలవాళ్లు. అప్పటి గుంటూరు జిల్లా యాజలిలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958లో ఈ సంస్థకు డైరెక్టరయ్యారు. లందల దగ్గర తరతరాలుగా పనిచేస్తున్నవాళ్లకు అక్కరకు రాని రసాయనశాస్త్రం అసంపూర్ణమని ఆయన నమ్మారు, ప్రయోగశాలను వాళ్ల దగ్గరికి నడిపించారు. 1972లో తోళ్ల ఎగుమతులపై ప్రభుత్వం వేసిన సీతారామయ్య కమిటీ సిఫారసు చేసింది, ఆ మరుసటి ఏడాది నుంచి సగం పదును తోళ్ల ఎగుమతికి ప్రభుత్వం కళ్లెం వేసింది. తర్వాతి ఏళ్లలో పూర్తయిన తోలు, పాదరక్షలు మన ఎగుమతుల్లో ముందుకొచ్చాయి.

ఇదంతా ఆంక్షల ఫలితమే, ప్రయోగశాలకు ఇందులో ఏం పాత్ర అని అడగవచ్చు. ఆంక్ష ఓడను ఆపగలదు గానీ తోలుకు మెరుగు పెట్టడం నేర్పలేదు. ఆ విద్య తెలిసినవాళ్లు, పరీక్షించిన పద్ధతులు అప్పటికే చేతిలో ఉండబట్టే ఆ నిర్ణయం పరిశ్రమను ముంచకుండా నిలబెట్టింది. ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1957లో తేల్చిందీ ఇలాంటిదే. 1909 నుంచి 1949 వరకు అమెరికాలో శ్రామికుడి గంట పనికి వచ్చే ఉత్పత్తి రెట్టింపయితే, అందులో ఎనిమిదింట ఏడు వంతులు సాంకేతిక మార్పువల్లేనని, అదనపు పెట్టుబడి వాటా మిగతా ఒక్క వంతేనని ఆయన లెక్క.

దీనికన్నా బరువైన ఆక్షేపణ పాలారు నది నుంచి వస్తుంది. క్రోమియంతో తోలు పదును చేయడమూ సైన్సు ఇచ్చినదే కదా? నిజమే. ఆ నది వెంట వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట ప్రాంతాల్లో తోళ్ల కర్మాగారాల మురుగు నేలనూ బావులనూ పాడుచేసింది. సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో కొంతమేరకో పనికిరాకుండా పోయిందన్న అంచనా వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన కేసులో 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పులో నమోదైంది. ఎగుమతి ధరలో ఆ రైతుల నష్టం ఎక్కడా చేరలేదు. దాన్ని కోర్టు ముందుకు తెచ్చింది పౌరుల వేదికే అయినా, ఆ నష్టాన్ని కొలిచింది వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధకులు. నీరు వాడకుండా క్రోమ్ పదును చేసే పద్ధతి వచ్చిందీ అడయార్ నుంచే. మార్కెట్ చూడని నష్టాన్ని కొలవడం కూడా సైన్సు పనే. దాన్ని ముందే చేయించకపోవడం పాలకుల తప్పు, అది చిన్న తప్పూ కాదు.

ఇక ప్రైవేటు కంపెనీలే పరిశోధన చేసుకోవచ్చుగా అనేవాళ్లున్నారు. కనిపెట్టిన జ్ఞానం పోటీదారులకూ అందుతుంది కాబట్టి కంపెనీలు దానిమీద సమాజానికి కావలసినంత పెట్టవని ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1962లోనే వివరించారు. చిన్న చిన్న తోళ్ల కర్మాగారాల యజమానులకైతే సొంత ప్రయోగశాల అన్న ఆలోచనే లేదు. అయినా 2023లో చట్టం చేసిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు అయిదేళ్లలో అనుకున్న 50,000 కోట్ల రూపాయల్లో దాదాపు 36,000 కోట్లు ప్రభుత్వం బయటినుంచే రావాలని లెక్క వేశారు. ఆ సొమ్ము వస్తుందో రాదో చూస్తూ కూర్చోకుండా, ప్రభుత్వం తన వాటాను ఇప్పుడే పెంచాలి.