తొడుక్కునేది ఒకరు, కొనేది ఇంకొకరు

తెల్లవారుజామున అయిదింటికి వాకిట్లో ముగ్గు వెయ్యటానికి కిందికి దిగితే గేటు బయట చీపురు చప్పుడు వినిపిస్తుంది. ముగ్గురు ఆడవాళ్ళు. మా అపార్టుమెంటు కాంపౌండు, గోడ పక్క కాలవ, వీధిలో మా ముందున్న భాగం శుభ్రం చేసేది వాళ్ళే. ఏడింటికల్లా ముగించుకుని ఇంకో చోట పనికి పోతారు. వాళ్ళ పేర్లు తెలుసుకోవటానికి నాకు రెండేళ్ళు పట్టింది. చెప్పుకోవటానికి సిగ్గుగానే ఉంది.

నిరుడు వేసవిలో వాళ్ళకి యూనిఫాం కొనాలని మా కమిటీ తీర్మానించింది. "బట్టల సంగతి ఆడవాళ్ళకే కదండీ తెలిసేది" అంటూ ఆ పని నాకు అప్పజెప్పారు. చిన్నబజారుకి వెళ్ళి, గట్టిగా బేరమాడి, నారింజ రంగు కోట్లు మూడు తెచ్చాను. మూడూ ఒకే సైజు. ఆ ఊపులోనే రబ్బరు తొడుగులు, గమ్ బూట్లు కూడా కొనేశాను. ఇంత చవగ్గా ఎలా తెచ్చారండీ అని అందరూ మెచ్చుకున్నారు.

వారం తిరక్కుండానే ఆ కోట్లు మడతలు పెట్టి మెట్ల కింద కనిపించాయి. "డబ్బులు పోసి కొనిచ్చినా వేసుకోరు, వీళ్ళకి మంచి చెప్పినా ఎక్కదు" అని మావాళ్ళు విసుక్కున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

మార్గశిరంలో ఒకనాడు, ఇంకా చీకటి విడవకముందే వీధి ఊడుస్తున్న పెద్దామెని స్కూటరు గుద్దింది. మణికట్టు విరిగింది. "మనిషి ఉన్నట్టే కనపళ్ళేదండీ" అన్నాడు ఆ కుర్రాడు ఏడుపు మొహంతో. కోటు మెట్ల కిందే ఉంది. మందుల ఖర్చు కమిటీ పెట్టుకుంది. ఆమె పోగొట్టుకున్న ఆరు వారాల కూలి సంగతి మాత్రం నేను ఎత్తితే గానీ ఎవరికీ గుర్తు రాలేదు.

చూడటానికి వెళ్ళినప్పుడు, కోటు ఎందుకు వేసుకోలేదమ్మా అని అడిగాను. ఆమె కోప్పడలేదు. "ఒకసారి మీరు ఏసుకోని చూడండమ్మా, మీకే తెలస్తాది" అంది.

ఇంటికొచ్చి వేసుకున్నాను. చీపురు పట్టుకుని మేడ మీద పావుగంట ఊడ్చాను. ఊపిరాడని నైలాను గుడ్డ. లోపల చీర, జాకెట్టు తడిసి ఒంటికి అతుక్కున్నాయి. చేతులు వేళ్ళ దాకా వేలాడుతున్నాయి. వంగితే వీపు పట్టేస్తోంది. జేబు లేదు. చలికాలంలోనే నా పని ఇలా ఉంటే, సముద్రం మీంచి ఉక్కపోసే మన నెల్లూరు మే నెలలో వాళ్ళు దాన్ని ఎలా భరిస్తారు? నా చీర కొనేటప్పుడు రంగు వెలుస్తుందా, అంచు నిలుస్తుందా అని పది చీరలు విప్పించి చూసే దాన్ని. వాళ్ళకి కొనేటప్పుడు ధర ఒక్కటే చూశాను.

రెండోసారి ముందు ఆ ముగ్గుర్నీ కూర్చోబెట్టి అడిగాను. వాళ్ళు చెప్పిందీ, నేను నేర్చుకున్నదీ మీతో పంచుకుంటాను. మీ వీధిలోనో, స్కూల్లోనో, ఆస్పత్రిలోనో ఇలాంటి కొనుగోలు మీ చేతికి రావచ్చు.

మొదటిది గుడ్డ. నైలాను చవక, తొందరగా ఆరుతుంది. కానీ చెమట పీల్చదు. అచ్చు నూలు ఒంటికి హాయి. అయితే మన తీరంలో కార్తీకంలో ముసురు పట్టిందంటే మందపాటి నూలు కోటు రెండ్రోజులైనా ఆరదు. అందుకని నూలు కలిసిన పల్చటి టెర్రీకాటన్ మేలు. చంకల దగ్గర, జేబుల దగ్గర డబుల్ కుట్టు ఉండాలి. గుడ్డకంటే ముందు కుట్టు విడిపోయి కోటు మూలపడుతుంది.

రెండోది కొలత. కొలతలు తీసి వీధి చివర టైలరు చేత కుట్టించాం. వదులుగా, పక్కల చీలికలతో, మోచేతి దాకా చేతులతో. చీర కొంగు కోటు లోపలికి పోయి నడుం దగ్గర గట్టిగా నిలవాలి. కొంగు వేలాడితే చెత్తబండి చక్రంలో పడుతుంది.

మూడోది మెరుపు. ఇది నాకు బొత్తిగా తెలియదు. ఆ నారింజ, నిమ్మపండు రంగులు కొట్టొచ్చినట్టు కనపడేది పగటి వెలుతురులోనే. చీకట్లో ఆ రంగు పనికిరాదు. బండి లైటు పడగానే వెలుగు వెనక్కి కొట్టే వెండి రంగు పట్టీ ఉండాలి, ముందూ వెనకా కూడా. నేను తెచ్చిన కోట్లకి ముందువైపు మాత్రమే సన్నని పట్టీ ఉంది. అవి వేసుకుని ఉన్నా, వీపు వైపు నుంచి వచ్చిన స్కూటరుకి ఆమె కనపడేది కాదు. ఈ పట్టీని బ్లీచింగులో నానబెట్టకూడదు, బండకేసి బాదకూడదు, దాని మీద ఇస్త్రీ పెట్టకూడదు.

ఇక తొడుగులు, చెప్పులు. మగవాళ్ళ సైజు తొడుగుతో చీపురు పట్టు చిక్కదు. పెద్ద గమ్ బూటు కాలవ పనికి సరే గానీ వీధి ఊడ్చేటప్పుడు కాళ్ళీడ్చుకుంటూ నడవాలి. మైపాడు లాంటి సముద్రపొడ్డున అయితే దాని నిండా ఇసకే. అక్కడ గాజుపెంకు దిగని మందపాటి అట్టతో, వెనక పట్టీ ఉన్న చెప్పు నయం.

ఖర్చంటారా? మాటవరసకి, 300 రూపాయల కోటు ఆరు నెలలకే చిరిగితే నెలకి 50 పడింది. 540 పెట్టింది ఏడాదిన్నర వస్తే నెలకి 30. వేసుకోకుండా మెట్ల కింద పడేసిన కోటు ఎంత చవకైనా దండగే. మనిషికి రెండు జతలు తప్పనిసరి, వానాకాలానికి రెయిన్ కోటు వేరే. కాలవ పని చేసిన బట్టలు ఇంటికి పట్టుకెళ్ళి పిల్లల బట్టలతో కలిపి ఉతుక్కోవటం వాళ్ళకీ ఇష్టం లేదు. మోటారు గది పక్కన ఒక కుళాయి, దండెం, తలుపున్న చిన్న మరుగు ఇచ్చాం. అక్కడే మార్చుకుంటారు, అక్కడే ఆరేసుకుంటారు. దానికి పెద్దగా ఖర్చేమీ కాలేదు.

ఇదంతా మా మంచితనం అనుకునేరు. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే, చెత్త పని చేసేవాళ్ళకి యూనిఫాం, మెరిసే జాకెట్టు, చేతి తొడుగులు, రెయిన్ కోటు, తగిన పాదరక్షలు, మాస్కు ఇవ్వాలనీ, అవి వాడేలా కూడా చూడాలనీ చెప్పాయి. వాడకపోతే తప్పు వాళ్ళదేనని మనం తేల్చేస్తాం. వాడలేకపోవటానికి కారణం ఆ వస్తువులోనే ఉందేమో చూడం. ఇది మన ఊరి సంగతే కాదు. రక్షణ దుస్తులు మగవాళ్ళ కొలతలతో తయారవుతుంటే ఆడవాళ్ళకి కుదరటం లేదని 2017లో బ్రిటన్ కార్మిక సంఘాల సమాఖ్య కూడా నివేదికలో రాసింది. అదే ఏడాది జనవరిలో మన పక్కనే ఎన్నూరు దగ్గర ఓడలు ఢీకొని సముద్రంలో నూనె ఒలికితే, మనుషులు బకెట్లతో ఆ జిడ్డు ఎత్తిపోయటం మనమంతా చూశాం.

2021 నవంబరులో పెన్నమ్మ పొంగి ఇళ్ళలోకి వచ్చి వెళ్ళాక, ఆ బురద ఎవరు ఎత్తారు? రొట్టెల పండగకి వచ్చిన జనం వెళ్ళిపోయాక స్వర్ణాల చెరువు గట్టు శుభ్రం చేసేదెవరు? కార్తీక పున్నమికి మైపాడులో స్నానాలు చేసి మనం ఇంటికొచ్చేస్తాం. వెనక మిగిలింది ఎత్తేవాళ్ళ కాళ్ళకి ఏముందో చూశామా? పని ఎంత పెద్దదో పొగుడుతాం, శాలువాలు కప్పుతాం. ఆ శాలువాకి బదులు కొలత తీసి కుట్టిన కోటు ఇస్తే వాళ్ళకి రోజూ పనికొస్తుంది.

పెద్దామె మళ్ళీ పనిలోకి వచ్చింది. చెయ్యి ఇంకా పూర్తిగా తిరగటం లేదు. కొత్త కోటు వేసుకుని, అటూ ఇటూ వంగి చూసుకుని, "జేబు ఇంకొంచెం లోతుగా ఉంటే బాగుండు, సెల్లు జారతా ఉంది" అంది. కోటు టైలరుకి తిరిగి పంపించాను.

మీ వాకిలి ముందు చీపురు పట్టినవాళ్ళని రేపు ఒక్కసారి చూడండి. ఏం వేసుకున్నారో చూడండి. ఏం కావాలో వాళ్ళనే అడగండి. ఆ తరవాతే బజారుకి బయల్దేరండి.