రెడ్‌హ్యాట్ వారి షరతు

లినక్సును అమ్ముకొనుట తప్పని మేమెన్నడును అనము. దాని లైసెన్సగు జి.పి.ఎల్. అమ్మకమును నిషేధింపలేదు. అది కోరునది యిదియే: సరకు పుచ్చుకొన్నవానికి ప్రోగ్రాము మూలపాఠము, అనగా సోర్సుకోడు, అందవలెను, దానిని మార్చుకొనుటకును, ఇతరులకు పంచిపెట్టుటకును అతడు స్వతంత్రుడు కావలెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన కెర్నెలు మరుసటి యేడే ఈ లైసెన్సు క్రిందికి వచ్చినది. నాటినుండి వేలకొలది జనులు దానికి చేయివేసిరి.

రెడ్‌హ్యాట్ కంపెనీ ఆ కోడును పరీక్షించి, లోపములు దిద్ది, ఏండ్ల తరబడి కాపాడుదుమని హామీయిచ్చి చందా పుచ్చుకొనును. అది న్యాయార్జనమే. 2019లో ఐ.బి.యం. వారు 3,400 కోట్ల డాలర్లకు ఆ కంపెనీని కొనిరి. చందా కట్టజాలనివారికి సెంటాస్ యుండెడిది. రెడ్‌హ్యాట్ సోర్సునుండియే స్వచ్ఛందసేవకులు 2004 నుండి కూర్చుచుండిన ఉచితప్రతి యది; 2014లో కంపెనీ దానిని తన నీడకు చేర్చుకొన్నది. ఎనిమిదవ కూర్పునకు 2029 వఱకు సవరణలు వచ్చునని నమ్మి యెందఱో సర్వరులు నిలుపుకొనిరి. 2020 డిసెంబరులో, మరుసటి సంవత్సరాంతముతో సరియని ప్రకటన వెలువడెను! సవరణలందని సర్వరు గొళ్లెము లేని యిల్లు, మార్చుకొనక తీరదు. ఆ శ్రమకు కూలి యెవరిచ్చిరి?

ఆల్మాలినక్సు, రాకీలినక్సు అను క్రొత్తప్రతులు 2021లో తలయెత్తినవి. 2023 జూనులో కంపెనీ మఱియొక తలుపు మూసినది. విడుదలైన కూర్పుయొక్క సోర్సు ఇక చందాదారులకే; బహిరంగముగ దొరకునది సెంటాస్ స్ట్రీమ్ మాత్రమే. చందాదారు తనకందినదానిని పంచిపెట్టెనా, చందా రద్దగుటకు ఒడంబడికయందు త్రోవ యున్నది.

జి.పి.ఎల్. రెండవ కూర్పు ఆరవ నిబంధన ప్రకారము, పుచ్చుకొన్నవాని హక్కులపై అదనపు నిర్బంధములు విధింపరాదు. మేము హక్కు తీసివేయలేదు, మున్ముందు అమ్మకము మానుదుమంతే యని కంపెనీ పక్షమువారి వాదము. అక్షరమును బట్టి యిది నిలిచిన నిలువవచ్చును. కాని నుయ్యి నీదే, తోడుకొంటివా వీధి విడువుమనిన, ఆ నుయ్యి యెవరిది?

కోడునకు ఒక్క పంక్తియు చేర్చక ఇతరుల పనిపై సేవలమ్ముకొనువారును గలరు. రెడ్‌హ్యాట్ వారి యీ ఫిర్యాదులో నిజము లేకపోలేదు. వారి యింజనీర్లు లినక్సునకు చేసిన సేవయు గొప్పది. అయిన బయటివారు వ్రాసియిచ్చిన కోడుపై లాభము గడించుచు, ఆ బయటివారి షరతు కష్టముగ నున్నదనుట చెల్లదు.

2023 ఆగస్టులో ఓరకిల్, సూసే, సి.ఐ.క్యూ. కంపెనీలు సోర్సును బహిరంగముగ నుంచుటకు ఒక సంఘమును ప్రకటించినవి. ఓరకిల్‌వారికి ఇంతలో కలిగిన యౌదార్యమును జూచి నవ్వువారు నవ్వుదురుగాక. సోర్సు అందినంత కాలము మేము నవ్వము.