మొక్కిన జీవం ఏం తింటుంది?

వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించడం తెలంగాణలో చాలా కుటుంబాలకు తరతరాల అలవాటు. సంతానం కలగాలని, పంట చేతికి రావాలని, జబ్బు నయం కావాలని మొక్కుకుంటారు. టికెట్ తీసుకుని కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేసి వస్తారు. కొందరు సొంత కోడెనే తోలుకొచ్చి స్వామికి వదిలిపెడతారు. పగ్గం చేతులు మారడంతో భక్తుడి మొక్కు తీరింది. ఆ కోడెకు రేపు గడ్డి ఎవరు వేస్తారన్నది మొక్కులో లేదు.

2025 మే నెలాఖరులో, జూన్ మొదట్లో తిప్పాపూర్‌లోని దేవస్థానం గోశాలలో కోడెలు వరసగా చనిపోయాయి. పట్టేదానికి మించి పశువులు, పైన వాన, కాళ్ల కింద బురద. ఆ తర్వాత అధికారులు కోడెలను రైతులకు ఉచితంగా పంచిపెట్టారు. గోశాల నిర్వహణ మీద ఆగ్రహం వచ్చింది, రావాల్సిందే. కానీ ఆ ఆగ్రహం అక్కడితో ఆగిపోయింది. అన్ని కోడెలు అక్కడికి ఎందుకు చేరుతున్నాయని అడిగినవాళ్లు తక్కువ.

జవాబు పొలంలోనే ఉంది. దుక్కి ట్రాక్టర్ల పాలైంది. పాల కోసం పెంచే సంకరజాతి ఆవుకు మగదూడ పుడితే దానికి మూపురం సరిగా ఉండదు, కాడి ఆనదు. మేపడం నష్టం, కోతకు అమ్మడం పాపం. ఈ రెండింటి మధ్య నలిగే రైతుకు మొక్కు ఒక దారి చూపుతుంది. ఇందులో రైతును తిట్టడానికి ఏమీ లేదు. అయితే ఇంటి దగ్గర తీరని సమస్యను దేవుడి పేరుతో తిప్పాపూర్‌కు పంపినంత మాత్రాన అది తీరదు. తల్లిపాలు మానని దూడైతే మరీ ఘోరం. పచ్చిగడ్డిని జీర్ణం చేసుకునే పెద్ద పొట్ట దూడకు పుట్టగానే తయారై ఉండదు, నెలలు పడుతుంది. అలాంటి దూడను తల్లి నుంచి విడదీసి పెద్ద పశువుల మందలో వదిలితే దాన్ని ఏ భక్తీ బతికించలేదు.

భక్తులు ప్రేమతో పెట్టే బెల్లం, అన్నం సంగతీ చెప్పుకోవాలి. నెమరు వేసే పశువు పొట్టలో పీచును పులియబెట్టే సూక్ష్మజీవులు ఉంటాయి. అన్నం, బెల్లం ఒక్కసారిగా ఎక్కువ పడితే అక్కడ ఆమ్లం పెరిగిపోతుంది, కడుపు ఉబ్బుతుంది, మేత మానేస్తుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు కూడా. ఒక్క భక్తుడు పెట్టేది పిడికెడే. వందమంది పెడితే అది విషం. ఈ సంగతి చెప్పగల పశువైద్య కళాశాల కోరుట్లలోనే ఉంది. గుడి మెట్ల దగ్గర ఆ కళాశాల విద్యార్థుల మాట వినిపిస్తే ఎన్నో పశువులు బతుకుతాయి.

జగిత్యాల జిల్లాలోని కొండగట్టులో ఇదే కథ కోతులతో నడుస్తుంది. ఆంజనేయుడి రూపమని భక్తులు అరటిపండ్లు, కొబ్బరి ముక్కలు అందిస్తారు. అడవిలో ఆకులు, కాయలు, పురుగులు వెతుక్కుని రోజంతా తిరిగే జంతువుకు ఒకేచోట తేరగా తిండి దొరికితే సంతతి పెరుగుతుంది, మనిషి భయం పోతుంది, చేతిసంచి కనిపిస్తే లాక్కోవడం అలవాటవుతుంది. గుడి దగ్గర నేర్చిన విద్య ఊళ్లో మక్కచేను మీద, పెంకుటిల్లు మీద పనిచేస్తుంది. ఆ చేను రైతే కోతుల బెడదకు కూరగాయలు వేయడం మానుకుని, శనివారం అదే కోతికి అరటిపండు పెడతాడు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే కోతుల పునరావాస కేంద్రం 2020లో నిర్మల్‌లో మొదలైంది. మంచి పనే. అయినా పండ్లు పంచడం ఆగకుండా ఆపరేషన్లతోనే సంఖ్య తగ్గుతుందని ఆశించడం దండగ. కోతి కరిస్తే అది దేవుడి కాటు కాదు. కుక్కకాటుకు లాగే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే రేబిస్ టీకా మొదలుపెట్టాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు.

ఇక పాము. కోడె విషయంలో నష్టం కోడెకు. పాము విషయంలో పాముకూ మనిషికీ ఇద్దరికీ.

శ్రావణంలో నాగుల పంచమికి పుట్టల్లో పాలు పోస్తారు. పాము మాంసాహారి. ఎలుకలు, కప్పలు, బల్లులు దాని తిండి. పాలు దానికి ఆహారం కాదు. పాములోళ్లు తెచ్చే నాగుపాము పాలు తాగుతుందంటే, రోజుల తరబడి నీళ్లివ్వకుండా ఎండగట్టి ఉంచినందువల్ల. దాని కోరలు పీకుతారు, కొన్నిసార్లు నోరు కుట్టేస్తారు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయే పాములూ ఉంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పామును ఇలా పట్టి ఆడించడం నేరం. హైదరాబాద్‌లోని ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటి సంస్థలు ఏటా పండగపూట ఇలాంటి పాములను విడిపిస్తాయి. పూజ చేసిన ఇంటావిడకు ఆ బుట్టలోని హింస తెలియదు. తెలిస్తే చాలామంది మానుకుంటారు.

అదే శ్రావణం పాముకాట్ల కాలం కూడా. 2000 నుంచి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వాళ్లలో దాదాపు సగం మంది జూన్, సెప్టెంబర్ మధ్య పోయినవాళ్లే, ఎక్కువమంది పల్లెవాళ్లే. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది.

పాము కరవగానే మంత్రగాడి దగ్గరికి ఎందుకు పరుగెత్తుతారు? అతడి దగ్గర బతికినవాళ్లు నిజంగానే ఉన్నారు గనుక. దేశంలో మూడు వందలకు పైగా రకాల పాములుంటే, ఎక్కువ వాటికి మనిషిని చంపే విషం లేదు. విషపు పాము కూడా కొన్నిసార్లు విషం దించకుండానే కరుస్తుంది. వీళ్లంతా మంత్రం వేసినా, వేయకున్నా బతుకుతారు. ఆ బతుకులన్నీ మంత్రగాడి ఖాతాలో పడతాయి. పోయినవాళ్లది మాత్రం తలరాత అంటారు. ఫలితం ఎటు తేలినా మంత్రం ఓడిపోని లెక్క ఇది, అందుకే ఇన్నేళ్లుగా నిలబడింది.

కట్లపాము ఈ లెక్కను బద్దలు కొడుతుంది. రాత్రి నేల మీద పడుకున్న మనిషిని కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలడం, మాట ముద్దగా రావడం. అజీర్తి అనుకుంటారు, గాలి సోకిందనుకుంటారు. గొంతు కండరాలు పట్టు తప్పుతున్న ఆ సమయంలో పసరు పోస్తే అది ఊపిరి గొట్టంలోకే పోతుంది. రక్తపింజర కాటుకు తాడు బిగించి కడితే కండ కుళ్లుతుంది.

విషానికి విరుగుడు ఒక్కటే, యాంటీవీనం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలను గుర్రాలకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి తీస్తారు. ఆ విషం సేకరించేది చాలావరకు చెన్నై దగ్గరి ఇరుళ గిరిజనుల సహకార సంఘం, 1978లో ఏర్పడింది. పామును ఆడించకుండా, చంపకుండా, విషం తీసి మళ్లీ అడవిలో వదిలే ఆ గిరిజనులు పాముల మీద చూపించే గౌరవం పాలుపోసే పూజకంటే ఎక్కువని చెప్పడానికి సంకోచించనక్కర్లేదు.

జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. కాబట్టి పాము కరిస్తే, కరిచిన చోట కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడు కట్టవద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, లేదంటే దొరికిన బండి మీద నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. పామును పట్టి తేనవసరం లేదు, మంత్రగాడి ఇంటి ముందు అరగంట కూడా ఆగకూడదు. ఈ శ్రావణంలో పుట్టకు వెళ్లే ప్రతి ఇంటివాళ్లూ ఆ పాల డబ్బుతో ఒక టార్చిలైటు కొని, రాత్రి పొలానికి వెళ్లేవాళ్ల చేతిలో పెట్టండి. నేల మీద పడుకునేవాళ్లకు దోమతెర కట్టండి.