పాత ఫోన్ బంద్ వెట్టుడుకు ఆరేండ్ల గడువు.. పాత నోటు బంద్ వెట్టుడుకు నాలుగు గంటలు

రీల్స్ జూసి జూసి జపాన్ అంటె మన కండ్లల్ల ఒక బొమ్మ పడ్డది. దగ్గరికి వోంగనే మూత లేచే బాత్రూం, సందుకొకటి నిలవెట్టిన మిషన్‌ల పైసలేస్తె వేడి కాఫీ, హోటల్ల తిండి పట్టుకొచ్చే పిల్లి మొకం రోబో. కింద ‘జపాన్ 2050ల బతుకుతుంది’ అని రాత. మా దిక్కు పోరగాండ్లు గిసొంటివి నాకు రోజుకు రెండు పంపుతరు. ‘అన్నా, మనం ఎన్నడు గట్లయితం?’ అని అడుగుతరు. (ఆ పిల్లి రోబో తయారయ్యేది చైనాల. గది వేరే ముచ్చట.)

గదే జపాన్ల, సర్కారుకు వివరాలు ఇయ్యాలంటె ఫ్లాపీ డిస్కుల ఇయ్యాలె అనే నిబంధనలు వెయ్యికి పైన ఉండె. డిజిటల్ మంత్రి కోనో తారో 2022ల వాటి మీద యుద్ధమే అన్నడు. అన్ని ఒడగొట్టే వరకు 2024 జూన్ అయ్యింది. మీల శానమందికి ఫ్లాపీ అంటె కంప్యూటర్ల ‘సేవ్’ బటన్ మీద ఉండే బొమ్మ. నా ఈడోళ్లం దాన్ని చేతుల వట్టుకున్నం. 1.44 ఎంబీ. ఇయ్యాల ఫోన్ల దిగిన ఒక్క ఫొటో గూడ దాంట్ల వట్టదు.

ఫ్యాక్స్ కాడ అయితె ఆ మంత్రి గెలువనే లేదు. 2021ల ఆఫీసుల నుంచి ఫ్యాక్స్ మిషన్లు తీసేద్దామని చూస్తె, సర్కారు శాఖలల్ల నుంచే 400 దాక అభ్యంతరాలు వచ్చినయ్. ఎనుకకు తగ్గిండు. ఇగ పేజర్ సేవ 2019 సెప్టెంబర్ 30 దాక నడిచింది. ఒకప్పుడు కోటి మంది దాక వాడిన దానికి ఆఖర్ల 1,500 మంది మిగిలిండ్రు. ఆ 1,500 మంది కోసం గూడ అన్నొద్దులు నడిపిండ్రు.

మరి వీళ్లు ముందటున్నరా, ఎనుకున్నరా? ఈ ప్రశ్న వట్టుకోని నేను కొన్నొద్దులు చదివిన. నాకు సమజైంది గిది: జపాన్ ఇండ్లల్ల టెక్నాలజీ అంతటినీ ఒకే గంపల ఏసి తూకం వెయ్యరు. ఒంటి కష్టం తగ్గించే వస్తువైతె ఎగవడి కొన్నరు. పైసలు, పేరు, ఆచూకీ అడిగే వస్తువైతె గడప కాడనే నిలవెట్టిండ్రు. ఎంత సేపు నిలవెట్టాలె అన్నది శానమట్టుకు వాడేటోళ్ల చేతులనే ఉన్నది.

అన్నం వండే కరెంటు కుక్కర్ సంగతే తీస్కోన్రి. అది రాకముందు అక్కడి ఆడోళ్లు పొద్దు పొడవకముందే లేచి పొయ్యి ముంగట కూసునేది. మంట పెంచుకుంట, తగ్గించుకుంట అన్నం మాడకుంట జూసుకునేది. మన అమ్మల లెక్కనే. 1955ల తోషిబా పేరు మీద అమ్మిన కుక్కర్‌ను తయారు జేసింది మినామి యోషితద అనే చిన్న కార్ఖానా ఆసామి. అసలు పరీక్షలు జేసింది ఆయన భార్య ఫుమికో. చలిల ఎట్ల ఉడుకుతుంది, ఎండల ఎట్ల ఉడుకుతుంది అని వండుకుంట, లెక్క రాసుకుంట పోయింది. ఆఖరుకు దొరికిన ఉపాయం శాన సాదా. రెండు గిన్నెలు. బయటి గిన్నెల గ్లాసెడు నీళ్లు. ఆ నీళ్లు ఆవిరై ఒడిసినంక వేడి 100 డిగ్రీలు దాటుతది, దాటంగనే స్విచ్ తనంతల తనే పడిపోతది. అమ్మ పొయ్యి ముంగట నుంచి లేచింది. గిసొంటి వస్తువుకు ఎవలు ఎదురు జెప్తరు? (ఆ తోషిబా ఇంటి సామాన్ల వ్యాపారం 2016ల చైనా కంపెనీ మిడియా చేతికి వోయింది.)

నీళ్లతోటి కడిగే బాత్రూం సీటు గూడ గంతే. టోటో కంపెనీ 1980ల తెచ్చింది. ఇయ్యాల పది ఇండ్లల్ల ఎనిమిదింట్ల ఆ తీరు సీటు ఉన్నది. రైలు గేటు కాడ ఆనిచ్చి పోయే సుయికా కార్డు 2001 నవంబర్ల వచ్చింది. టికెట్ లైన్ల నిలవడే బాధ పోయింది. ఆ కార్డు మీద పేరు రాయియ్యకుండ గూడ కొనుక్కోవచ్చు. ఎవలు, యాడికి అని అడిగేటోడు లేడు. ఈ మాట యాది వెట్టుకోన్రి.

ఎందుకంటె 2013ల ఏమైందంటె, ఆ రైలు కంపెనీ జేఆర్ ఈస్ట్, సుయికా కార్డుల లెక్కలు హిటాచికి అమ్మింది. ఏ స్టేషన్ల ఎక్కిండ్రు, యాడ దిగిండ్రు, ఎన్ని గంటలకు. పేర్లు తీసేసే ఇచ్చినం అన్నది కంపెనీ. జనం ఒప్పుకోలే. మమ్ములను అడగకుండ మా దారి ఎట్ల అమ్ముతరు అన్నరు. కంపెనీ అమ్ముడు ఆపింది. నా లెక్కలు ఇయ్యకున్రి అని చెప్పుకునే అవకాశం అందరికి ఇచ్చింది. మన ఫోన్ల ఒక టార్చ్‌లైట్ యాప్ ఏసుకుంటె అది కాంటాక్టులు అడుగుతది, మనం చూడకనే ‘అలో’ కొడ్తం. తప్పు మనది అంటలేను. అడిగే తీరే గట్ల ఉంటది.

మన ఆధార్ అసొంటిది వాళ్లకు ఒకటి ఉన్నది, మై నంబర్ కార్డు. చట్టం ప్రకారం కార్డు తీసుకునుడు తప్పనిసరి గాదు. ఏండ్లకేండ్లు జనం దాని దిక్కే చూడలే. సర్కారు 20,000 యెన్ల దాక పాయింట్లు ఆశ వెట్టింది, గప్పుడు లైన్ల నిలవడ్డరు. 2023ల బండారం బయటవడ్డది. ఒకల ఆరోగ్య వివరాలు ఇంకొకల నంబర్ కింద కలిసినయ్. పెద్ద లొల్లి అయింది, అదే కోనో తారో తన మంత్రి జీతం మూడు నెలలది వాపస్ ఇచ్చిండు. 2024 డిసెంబర్ 2 నుంచి పాత ఆరోగ్య బీమా కార్డులు కొత్తగ ఇచ్చుడు బంద్ వెట్టిండ్రు. అయితె మై నంబర్ కార్డుకు బీమా కలుపుకోనోళ్లకు బదులుగ ఒక పత్రం తయారు జేసిండ్రు, దరఖాస్తు వెట్టుకోకున్నా పంపుతరు. అది సూపెట్టి దవాఖానల సూపిచ్చుకోవచ్చు. అంటె, సర్కారు ఎంత ఒత్తిడి జేసినా దవాఖాన తలుపు మాత్రం మూయలే.

మా మండలంల ఏలిముద్ర వడలేదని రేషన్ దుకాణం కాడికి మూడు సార్లు తిరిగిన ముసలోళ్లను నేను జూసిన. బట్టలుతికి, కలుపు దీసి గీతలు అరిగిన ఏళ్లు. మిషన్‌కు తెల్వది గద.

ఇగ మీకు మస్తు దగ్గరున్న ముచ్చటకు వస్త. చాయ్ బండి కాడ, మిర్చి బజ్జీల కాడ మీరు కొట్టే క్యూఆర్ కోడ్. అది పుట్టింది జపాన్లనే. డెన్సో కంపెనీల హారా మసహిరో అనే ఇంజినీరు 1994ల తయారు జేసిండు, కార్ల విడిభాగాల లెక్క వట్టేతందుకు. పేటెంట్ ఉండి గూడ కంపెనీ ఎవలను పైసలు అడగలే, అందరు వాడుకోన్రి అన్నది. గా కోడ్ తోటి దుకాణంల పైసలు ఇచ్చుడు మాత్రం జపాన్ల ఏండ్లకేండ్లు నడవలే. జేబుల నగదే.

మన దగ్గర ఎట్ల నడిచిందో మీకు యాదికుందో లేదో. 2016 నవంబర్ 8, రాత్రి 8 గంటలు. అర్ధరాత్రి నుంచి 500, 1,000 నోట్లు చెల్లయ్ అని టీవీల చెప్పిండ్రు. నాలుగు గంటల గడువు. తెల్లారి మా ఊర్ల ఒక అవ్వ బియ్యం గంపల దాచిన ఏడు నోట్లు కొంగున కట్టుకోని నా దగ్గరికొచ్చింది. ‘బిడ్డా, ఇవి చెల్లయట గద. నన్ను ఎవలు అడిగిండ్రు?’ అన్నది. గా నెలలల్ల పేటీఎం ఊరూరికి పాకింది. జపాన్ కంపెనీ సాఫ్ట్‌బ్యాంక్ 2017ల పేటీఎంల పెట్టుబడి వెట్టింది. గా పేటీఎం టెక్నాలజీ తోటే సాఫ్ట్‌బ్యాంక్, యాహూ జపాన్ కలిసి 2018 అక్టోబర్ల ‘పేపే’ అనే యాప్ తెచ్చిండ్రు. జపాన్ల పుట్టిన కోడ్ మన బ్యాంకుల ముంగటి లైన్ల నుంచి నడిచి మళ్ల జపాన్‌కు చేరిందన్నట్టు.

అక్కడ నోట్లు బంద్ వెట్టలే. పైసలు పంచిండ్రు. 2018 డిసెంబర్ల కొన్నదాంట్ల 20 శాతం వాపస్ ఇస్తమని పేపే 1,000 కోట్ల యెన్లు పెడితె పది రోజులల్ల ఒడిసినయ్. చిన్న దుకాణాల కాడ 2021 సెప్టెంబర్ దాక కమీషన్ తీసుకోలే. 2019 అక్టోబర్ల అమ్మకం పన్ను 8 నుంచి 10 శాతం జేసినప్పుడు, కార్డు తోటి, ఫోన్ తోటి కొంటె సర్కారే 5 శాతం దాక పాయింట్లు ఇచ్చింది. ఆశ వెట్టుడు గూడ ఒక తీరు ఒత్తిడే, కాదనను. కాని నోటు తోటి కొంటనన్నోడికి అడ్డం రాలే.

మోసం జూస్తె గూడ జనం ఊకోలే. సెవెన్ ఎలెవెన్ దుకాణాలోళ్లు 2019 జులై 1న ‘సెవెన్ పే’ అని మొదలువెట్టిండ్రు. వారం తిరగకముందే దొంగలు చొరవడ్డరు. 800 మందికి పైన బాధితులు, 3 కోట్ల 80 లక్షల యెన్ల పైన నష్టం. ఆ కంపెనీ పెద్ద మనిషిని విలేకర్లు ‘మరి రెండు దశల తనిఖీ ఎందుకు పెట్టలే’ అని అడిగితె ఆ మాటే తెల్వనట్టు మొకం వెట్టిండు. నష్టం కంపెనీనే భరించింది, సెప్టెంబర్ ఆఖరుకు సేవ మూసేసిండ్రు. మూడు నెలల ముచ్చట.

నగదు మీద వాళ్లకు అంత పట్టు ఎందుకంటె, భూకంపాల దేశం. 2018 సెప్టెంబర్ 6న హొక్కయిదో దీవిల భూకంపం వచ్చి దీవి దీవంత కరెంటు వోయింది, దాదాపు 30 లక్షల ఇండ్లు చీకట్ల ఉన్నయ్. కరెంటు లేని దుకాణంల కార్డు మిషన్ ఏం పనికొస్తది? జేబుల నోటున్నోడు రొట్టె కొనుక్కున్నడు. గందుకే వాళ్లు మెల్లగ వచ్చిండ్రు. ఇంటి కర్సుల నగదు లేకుండ ఇచ్చే వాటా 2024ల 42.8 శాతానికి చేరింది. 2025కు 40 శాతం గావాలె అని సర్కారు వెట్టుకున్న లెక్క ఒక ఏడు ముందే దాటింది. మెల్లగ వోయినా చేరిండ్రు.

నోట్ల సంగతి ఇంకొకటి. జపాన్ 2024 జులై 3న కొత్త నోట్లు తెచ్చింది. ఆ ముచ్చట 2019 ఏప్రిల్‌నే చెప్పింది. ఐదేండ్ల ముందు. పాత నోట్లు ఇయ్యాలకు చెల్లుతయ్. ఫోన్ కంపెనీ డొకొమొ తన 3జీని, 1999ల మొదలైన ఐ-మోడ్ సేవను బంద్ జేసే ఆఖరు తేదీ 2026 మార్చి 31 అని 2019 అక్టోబర్ల ప్రకటించింది. ఆరేండ్లకు పైన గడువు. మూత ఫోన్ వాడే ముసలాయన కొడుకునో బిడ్డనో అడిగి, దుకాణంకు వోయి, కొత్తది నేర్చుకునే టైమ్ అది.

ఇంత చెప్పి జపాన్‌ను నెత్తిన వెట్టుకొమ్మంటలేను. గా ఫ్యాక్స్ తోటి పానాల మీదికొచ్చిన దినాలు గూడ ఉన్నయ్. 2020ల కరోనా పెరిగినప్పుడు డాక్టర్లు ఒక్కో కేసును చేతితోటి రాసి ఆరోగ్య కేంద్రాలకు ఫ్యాక్స్ కొట్టాల్సి వచ్చింది. ఒక డాక్టర్ ట్విట్టర్ల మొత్తుకున్నంకనే సర్కారు కదిలింది. హంకో అని ఒక ముద్ర ఉంటది వాళ్లకు, సంతకం బదులు. బయటకు వోకున్రి అని చెప్పిన కరోనా కాలంల, ఉత్త ఆ ముద్ర ఏసేతందుకు రైలెక్కి ఆఫీసుకు వోయినోళ్లు ఎందరో. గది వాడేటోళ్ల ఇష్టం అనుకుంటున్నరా? కాదు. అది పై అధికారి కుర్సీ. పాతది నిలవడ్డ ప్రతి కాడ పేదోడి హక్కే నిలవడ్డదని నేను అనను. కొన్నిటి ఎనుక పెత్తనం ఉంటది. ముసలవ్వ నోటును, మేనేజర్ ముద్రను ఒకే తక్కెడల వెట్టి ‘జపాన్ సంప్రదాయం’ అని రాసేటోళ్లను జూస్తె నాకు కోపమొస్తది.

కంపెనీలు గూడ దెబ్బ తిన్నయ్. ఐఫోన్ రాకముందే, 2004ల, జపాన్ మూత ఫోన్ తోటి దుకాణంల పైసలు కట్టేది. అన్ని తమ ఇంట్ల జనానికే తయారు జేసుకుంట కూసున్నరు, బయట అమ్ముడువోలే. దీవిల పెరిగిన వింత జంతువుల లెక్క అని, గలాపగోస్ పేరు మీద వాటికి ‘గరాకే’ అని పేరు వడ్డది.

ఇగ మన దిక్కు జూద్దాం. ఉపాధి హామీ పని కాడ ఫోన్ యాప్‌ల ఫొటో దిగితెనే హాజరు అన్న రూల్ 2023 జనవరి 1 నుంచి అన్ని పనుల కాడ తప్పనిసరి జేసిండ్రు. రోజుకు రెండు సార్లు. సిగ్నల్ లేని గుట్ట కింద మట్టి దవ్వినోళ్ల కూలి ఏమయితదో తప్పనిసరి అన్నోళ్లకు తెల్వదా? ఫొటో దిగుడు తప్పంటలేను. ఫొటో ఎక్కకుంటె కాగితం మీద రాసుకునే దారి కూలోళ్ల చేతుల ఉండాలె. జపాన్ సర్కారు బీమా కార్డు కాడ పంపిన పత్రం అసొంటిదే. తమ్మీ, చెల్లే, మీ ఊరి గ్రామసభల ఇది అడగొచ్చు. నేను మా ఊర్ల అడిగిన. ‘పైనుంచి ఆర్డర్’ అన్నరు. ఆర్డర్ కాపీ ఇయ్యమన్న. ఇంక రాలే.

ఒక్క ముచ్చట జెప్పి ఆపుత. సాఫ్ట్‌బ్యాంక్ తన 3జీ సేవను 2024 జనవరి ఆఖరుకు బంద్ జేస్తమని చెప్పి పెట్టింది. జనవరి 1న నోతో దిక్కు భూకంపం వచ్చింది. ఇండ్లు కూలినయ్, రోడ్లు తెగినయ్. కంపెనీ తేదీ మార్చింది. దేశమంతటికి ఏప్రిల్ దాక, భూకంపం వడ్డ ఇషికావాకు జులై 31 దాక. కూలిన ఊర్ల ఎవని చేతుల పాత మూత ఫోన్ ఉన్నా, గన్ని నెలలు అది మోగింది.