గాలివాటున పోయే మందు

గుంటూరు వైపు మా ఊళ్ళో మిరపచేలకి మందు కొట్టే రోజుల్లో ఆ వాసన ఇళ్ళలోకి వచ్చేది. ఎంత వచ్చిందో లెక్క చెప్పేవాళ్ళు లేరు. నేనిప్పుడుంటున్న కాలిఫోర్నియాలో లెక్క ఉంది. ఆ లెక్కతోనే నా పేచీ.

2011లో ఇక్కడి రాష్ట్ర పురుగుమందుల శాఖ సలీనాస్, షాఫ్టర్, రిపన్ అనే మూడు వ్యవసాయపు ఊళ్ళలో గాలిని కొలవడం మొదలుపెట్టింది. వారానికి ఒక్కసారి, 24 గంటలపాటు ఒక పంపు గాలిని పీల్చుకుంటుంది. అందులో చిక్కిన మందుని ల్యాబులో తూస్తారు. మంచి పనే, ఏళ్ళ తరబడి ఊరి గాలి ఎలా మారిందో తెలుస్తుంది. కాని పక్క బాదంతోటలో మందు కొట్టింది మంగళవారం, పంపు నడిచింది గురువారం అయితే? రెండూ ఒకే రోజైనా, కొట్టిన గంటలో గట్టు మీద నిలబడ్డ కూలీ పీల్చింది 24 గంటల సగటులో పలచబడిపోతుంది. పరిమితికి లోబడే ఉందంటారు. నిజమే కావచ్చు, అతని కళ్ళమంటకి మాత్రం అది జవాబు కాదు.

చవకైన సాధనం ఒకటుంది: నీటిచుక్క తగిలితే నీలంగా మారే పసుపు కాగితం. చేను దాటాక గాలివాటున వరసగా పెడితే తుంపర ఎంత దూరం పోయిందో కంటికే కనిపిస్తుంది. మరీ సన్నని తుంపర దానికి చిక్కదు. తర్వాత ఆకుల మీంచి ఆవిరై లేచేది అసలే చిక్కదు. దానికి పంపు కావాల్సిందే. (గాలి లేని తెల్లవారుజామే మంచిదనుకుంటాం గాని, చల్లగాలి నేలని అంటిపెట్టుకున్నప్పుడు సన్నని తుంపర చెదిరిపోకుండా మబ్బులా పక్కకి జారుతుంది.)

ఇప్పుడు మన ఊళ్ళకీ డ్రోన్లు వచ్చాయి. మనిషి వీపున మందు మోయక్కర్లేదు, సంతోషం. కాని ఎకరానికి సుమారు 10 లీటర్ల నీళ్ళతో, పైనుంచి కొట్టాలంటే చుక్క సన్నగా ఉండాల్సిందే. భారతదేశం 2009లో ప్రకటించిన గాలి ప్రమాణాల్లో 12 కాలుష్యాలున్నాయి, పురుగుమందు ఒక్కటీ లేదు. కాసరగోడు జీడితోటల మీద హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లిన దేశం మనది!

అందుకే డ్రోన్ ఎగిరిన ప్రతిచోటా, ఇళ్ళవైపు గట్టున డజను పసుపు కాగితాలు పెట్టాలంటాను. బడి పక్కనైతే ఆ రోజే ఒక పంపు కూడా. కాగితం నీలమైతే రైతు మీద కేసు పెట్టమని కాదు. నాజిల్ మార్చమని, ఆ వైపు నాలుగు సాళ్ళు వదిలేయమని.