దవాఖానాలో దాచిన డబ్బా

ఈ వారం మందు గురించి కాదు, మందును దాచడం గురించి రాస్తున్నాను.

మన షోలాపూర్‌లో సాంచాల దగ్గర ఏళ్ల తరబడి నిలబడిన వారికి మోకాళ్ల నొప్పులు మామూలే. అలాంటి ఒక పెద్దాయనకు నేను మాజూనె సురంజాన్ ఇచ్చాను. మూత్రపిండాలు ఎలా ఉన్నాయని అడగలేదు, చీటీ రాసివ్వలేదు. కొన్నాళ్లకు వాంతులు, విరేచనాలతో ఆయన దవాఖానాలో చేరారు. "వేరే మందులేమైనా వాడుతున్నారా?" అని నర్సు అడిగితే కొడుకు లేదన్నాడు. డాక్టరు కోప్పడతాడని భయం. రెండు రోజుల తర్వాత ఆయన బేగం సంచిలోంచి డబ్బా తీసి చూపింది. అప్పుడు గానీ వైద్యానికి దారి దొరకలేదు. అల్లాహ్ దయవల్ల కోలుకున్నారు. ఆ తప్పులో మొదటి వాటా నాదే.

సురంజాన్‌లో కాల్చిసిన్ ఉంటుంది. మూత్రపిండాలు బలహీనమైతే అది ఒంట్లో పేరుకుంటుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తోడైతే ప్రాణం మీదికి రావచ్చు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరగవచ్చు, పొటాషియం తగ్గవచ్చు. యునానీ మందు ఎవరికీ చెరుపు చేయదనే మాటను హకీమునైన నేనే ఒప్పుకోను.

దవాఖానాలో ఒకే సంగతి నలుగురు అడిగితే మనవాళ్లు విసుక్కుంటారు. అది అవమానం కాదు, కాపలా. ఆపరేషన్‌కు ముందూ వెనుకా రోగి పేరు, కోయవలసిన చోటు, పడని మందులు వంటి 19 అంశాలు సరిచూసుకునే పట్టికను ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసింది. ఢిల్లీ, అమ్మాన్‌తో సహా 8 నగరాల దవాఖానాలలో దాన్ని పరీక్షించారు. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి. రోగి వివరాలు రాసిపెట్టడం మనకూ కొత్త కాదు. వెయ్యేళ్ల కిందటే హకీం రాజీ ఆ పని చేశాడు.

కాబట్టి హకీములు మందు పేరు, మోతాదు, ఎన్నాళ్లు వాడాలో రాసివ్వాలి. ఇంటివారు ఆ చీటీని, డబ్బాను దవాఖానాకు తీసుకెళ్లాలి. దవాఖానావారు కూడా "మందులు వాడుతున్నారా" అని ఊరుకోక, "హకీం మందు, నాటు మందు వాడుతున్నారా" అని రోగికి తెలిసిన భాషలో, కోపం లేకుండా అడగాలి.

పడుగులో ఒక్క పోగు తెగినా సాంచా ఆపి ముడి వేస్తాం. మనిషి ప్రాణానికి ఆ మాత్రం ఓపిక పట్టలేమా?